కాలాపానిలో ఒక పుస్తకప్రియుల సంఘం

పుస్తకప్రియుల సంఘాల చరిత్ర రాయబూనినవారందరూ దాదాపు ఒకే చోట ఆరంభిస్తారు. 1812 జూన్ నెలలో లండను నగరంలో రాక్స్‌బరో ప్రభువుగారి గ్రంథాలయం వేలానికి వచ్చింది. 1471లో అచ్చయిన బొకాషియో కథల ప్రతి ఒకటి 2,260 పౌనులకు అమ్ముడుపోయింది. ఆ వేలాన్ని పురస్కరించుకొని కొందరు ప్రభువులూ ధనికులూ ఒక విందులో కూడి, ఏటేటా అదే విధంగా కూడాలని నిశ్చయించుకొన్నారు. సభ్యుల సంఖ్య పరిమితం. ప్రతి సభ్యుడూ తన ఖర్చుతో ఒక అరుదైన గ్రంథాన్ని అచ్చువేయించి తోటి సభ్యులకు కానుకగా ఇవ్వవలె. ఇదే రాక్స్‌బరో క్లబ్బు. 1884లో న్యూయార్కులో గ్రోలియర్ క్లబ్బు వెలసింది. ఈ రెండు పేర్లూ చెప్పిన తరువాత చరిత్రకారుడు తోలు బైండింగుల గురించి, బంగారు అంచుల గురించి, మేలిమి కాగితం గురించి ముచ్చటిస్తాడు. పుస్తకప్రియుడు అనగా పుస్తకాన్ని కొనగలిగినవాడు, దాచగలిగినవాడు, ఇతరులకు చూపగలిగినవాడు అన్న నిర్వచనం మనకు తెలియకుండానే మన తలకెక్కుతుంది.

ఈ నిర్వచనంతో నాకు పేచీ ఉన్నది. ఆ సంఘాలను చులకన చేయడం నా అభిమతం కాదు. వారు అచ్చువేయించకపోతే నశించిపోయే గ్రంథాలు కొన్ని ఉండినవి. ఆ మేలు వారికి దక్కవలసిందే. కాని విందుబల్ల వద్ద పుట్టిన సంఘానికి చరిత్రలో మొదటి పుట ఇచ్చి, నిరాహారదీక్షలో పుట్టిన సంఘానికి అధస్సూచిక కూడా ఇవ్వకపోవడం న్యాయమా అని అడుగుతున్నాను. అటువంటి సంఘం మన దేశంలోనే, బంగాళాఖాతం నడుమ, అండమాను దీవులలో సెల్యులర్ జైలు గోడలనడుమ నడిచింది. దానికి నియమావళి అచ్చుకాలేదు. చందాల పుస్తకం లేదు. సభ్యత్వానికి అర్హత మాత్రం ఒకటి ఉన్నది: బ్రిటిషు ప్రభుత్వం ద్వీపాంతరవాస శిక్ష విధించి ఉండవలె. ఇంతకన్న కట్టుదిట్టమైన ప్రవేశ నిబంధన రాక్స్‌బరో ప్రభువులకు కూడా తోచి ఉండదు.

కొంతకాలం క్రిందట ఒక సాహిత్య గోష్ఠిలో ఈ మాట ఎత్తగా, వృద్ధులు, బహుగ్రంథపరిచితులు అయిన ఒకరు, "జైలులో గ్రంథాలయం ఉండనిచ్చారంటే ఆ ప్రభుత్వం మనం చెప్పుకొనేటంత క్రూరమైనది కాదన్నమాట" అన్నారు. వెంటనే మరొకరు, దేశభక్తిలో ఎవరికీ తీసిపోనివారు, "వారు హాయిగా పుస్తకాలు చదువుకొన్నారని మీరు ప్రచారం చేస్తే వారి త్యాగం పలుచనైపోతుంది" అని నన్ను మందలించారు. ఇద్దరూ పరస్పర విరుద్ధంగా మాట్లాడినట్లు సభవారు తలచారు. నాకు మాత్రం ఇద్దరూ ఒకే మాట అన్నట్లు తోచింది. పఠనం ఒక సుఖం, తీరిక గలవారి వేడుక, కష్టంలో ఉన్నవానికి అది అక్కరలేనిది అన్న భావన ఇద్దరికీ ఉమ్మడి. ఒకరు ఆ సుఖాన్ని ప్రభుత్వ దయకు నిదర్శనంగా చూశారు. మరొకరు దానిని దాచవలసిన లోపంగా చూశారు. ఈ వ్యాసం ఆ ఇద్దరికీ సమాధానం.

సెల్యులర్ జైలు నిర్మాణం 1896లో ఆరంభమై పదేళ్ళు సాగింది. నడుమ ఒక బురుజు, దాని చుట్టూ చక్రపు ఆకులవలె ఏడు భవనాలు, వాటిలో 693 గదులు. ఒక్కొక్క గది పొడవు 13.5 అడుగులు, వెడల్పు 7 అడుగులు. వెలుతురు వచ్చేది వెనుక గోడలో తలకెంతో ఎత్తున ఉన్న చిన్న గవాక్షం నుంచి. ఒక భవనపు ముంగిలి ఎదుటి భవనపు వీపును చూసేటట్లు కట్టారు. అందుచేత ఒక ఖైదీ మరొక ఖైదీ ముఖం చూడడానికి వీలు లేదు. ఇది గమనింపదగిన విషయం. ఆ కట్టడపు ఉద్దేశం ఖైదీని బాధించడం మాత్రమే కాదు, అతనిని మాటనుంచి వేరుచేయడం. మనిషికీ మనిషికీ మధ్య మాట సాగకుండా చేయడానికి ఇటుకలతో కట్టిన వాదం అది. అటువంటి చోట ఒకరి చేతి పుస్తకం మరొకరి చేతికి చేరడమంటే ఆ కట్టడాన్ని మొత్తంగా ఖండించడమే.

అసలు ఆ దీవులలో అక్షరానికీ శిక్షకూ గల సంబంధం ఈ జైలుకంటె పాతది. 1857 తిరుగుబాటు అనంతరం అక్కడికి పంపబడినవారిలో ఫజల్-ఎ-హక్ ఖైరాబాదీ అనే మహాపండితులు ఉన్నారు. ఆ తిరుగుబాటును గురించి అరబ్బీలో ఆయన రాసిన గ్రంథం బొగ్గుతో గుడ్డపేలికలమీద రాయబడి దేశం చేరిందని పరంపరగా చెప్పుకొంటారు. 1861లో ఆయన అక్కడే మరణించారు. ఆయనతోబాటు శిక్ష అనుభవించిన ముఫ్తీ ఇనాయత్ అహమద్ కాకోరవీ, చేతిలో ఒక్క గ్రంథమైనా లేకుండా, కేవలం జ్ఞాపకశక్తి ఆధారంగా అరబ్బీ శబ్దస్వరూపాన్ని గురించి ఒక వ్యాకరణం రాశారు. ఆ పుస్తకం నేటికీ మదరసాలలో పాఠ్యగ్రంథం. ఒక ఇంగ్లీషు అధికారి కోరగా ఆయన అరబ్బీ భూగోళ గ్రంథమొకదానిని ఉర్దూలోనికి అనువదించారనీ, ఆ అనువాదమే ఆయన విడుదలకు కారణమైందనీ చెప్తారు. అనువాదకుని శ్రమకు ఇంత గొప్ప ప్రతిఫలం మరెక్కడా ముట్టినట్లు నేను వినలేదు! మా వృత్తివారు ఈ సంగతి గోడమీద రాసి పెట్టుకోదగ్గది.

ఇవి ఒంటరి పండితుల కథలు. సంఘమనదగినది ఇరవయ్యవ శతాబ్దంలో ఏర్పడింది. 1909 చివర అలీపూరు కేసు ఖైదీలు, బారీంద్రకుమార ఘోషు, ఉపేంద్రనాథ వంద్యోపాధ్యాయుడు మొదలైనవారు ఆ దీవికి వచ్చారు. 1911లో వినాయక దామోదర సావర్కరు వచ్చారు. అప్పటికే ఆయన అన్న గణేశ సావర్కరు అక్కడ ఉన్నారు. కొబ్బరికురిడీలు గానుగలో వేసి, ఎద్దుకు బదులు మనిషి తిరుగుతూ, రోజుకు 30 పౌనుల నూనె తీయవలసిన కాలమది. ఏడాదికొక ఉత్తరం. ఇందుభూషణ రాయ్ 1912లో గదిలో ఉరిపోసుకొన్నారు. ఉల్లాసకర దత్తుకు మతి చలించింది. ఇవన్నీ పాఠకులకు తెలిసినవే, విస్తరించను.

తెలియవలసినది వేరొకటి ఉన్నది. ఇంటినుంచి ఎప్పుడో ఒకమారు వచ్చే పుస్తకాలను ఖైదీలు తమ తమ సొత్తుగా ఉంచుకోలేదు, ఒకచోట పోగుచేశారు. మొదట్లో ఒకరి పుస్తకం మరొకరికి ఇవ్వడమే అపరాధంగా లెక్కింపబడిందనీ, క్రమంగా అధికారులను ఒప్పించి ఆ పోగును జైలు గ్రంథాలయంగా మార్చారనీ, తుదకు అందులో రెండు వేల దాకా పుస్తకాలు చేరాయనీ సావర్కరు 1927లో మరాఠీలో ప్రకటించిన స్మృతులలో చెప్పుకొన్నారు. వంగ, హిందీ, మరాఠీ, సంస్కృతం, గురుముఖి, ఇంగ్లీషు భాషల గ్రంథాలు ఆ బీరువాలో ఒకదానినొకటి ఆనుకొని నిలబడినవి. అంతటితో ఆగక, చదువు రాని సామాన్య ఖైదీలకు అక్షరాలు నేర్పడం, పలుభాషలవారు కలిసి మాట్లాడుకోవడానికి హిందీ నేర్పడం కూడా జరిగింది. హిందీతో జీవితమంతా కాలక్షేపం చేసినవాడను గనుక ఈ విషయం నన్ను ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది. సభలలో తీర్మానాలు చేసి హిందీని వ్యాపింపజేసిన చరిత్ర చాలమంది రాశారు. గానుగ దిగివచ్చిన చేతులతో పలకమీద దిద్దించిన చరిత్రను ఒక్క పేరాలో ముగిస్తారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలె. సావర్కరు పేరు వినగానే నేటి చదువరులు రెండు పక్షాలై నిలబడతారు. ఒక పక్షంవారికి ఆ జైలంతా ఆయన ఒక్కరి గది. విమానాశ్రయానికి పెట్టిన పేరు మొదలు నిత్యం అక్కడ పలికే మాట వరకు ఆయనే. మరొక పక్షంవారికి ఆ జైలులో ఆయన రాసిన క్షమాభిక్ష విజ్ఞప్తులు తప్ప మరేమీ కనిపించవు. విజ్ఞప్తులు రాశారన్నది నిజం. గ్రంథాలయం కోసం పాటుపడ్డారన్నదీ నిజం. ఖైదీలమధ్య మతాంతరీకరణను ప్రతిఘటించే పేరిట ఆయన నడిపిన శుద్ధి ఉద్యమం జైలులో హిందూ ముస్లిముల ఎడబాటును పెంచిందన్నదీ కాదనలేనిది. పుస్తకప్రియత్వం మనిషిని తప్పక ఉదారహృదయునిగా చేస్తుందన్న భ్రమ నాకు లేదు. రాక్స్‌బరో విందులో కూర్చున్న ప్రభువులలో ఎందరు తమ కౌలుదార్లపట్ల దయాళువులో ఎవరు విచారించారు? నేననేది ఇంతే: ఒక మనిషిని ఎత్తడానికో దించడానికో ఈ రెండు పక్షాలూ వెచ్చించిన సిరాలో పదోవంతు ఆ బీరువా గురించి వెచ్చించి ఉంటే, అందులో ఏయే పుస్తకాలుండేవో, ఎవరు ఏది చదివారో ఈపాటికి మనకు జాబితా చేతికి వచ్చి ఉండేది.

1921 ప్రాంతంలో రాజకీయ ఖైదీలను దేశానికి మరలించారు. పదేళ్ళు గడిచాక, వంగదేశంలోనూ ఉత్తరదేశంలోనూ విప్లవోద్యమం మళ్ళీ తలయెత్తగా, 1932లో తిరిగి పంపనారంభించారు. ఈ మారు వచ్చినవారు చిట్టగాంగు ఆయుధాగారంమీద దాడి చేసినవారు, లాహోరు కుట్రకేసులో భగత్‌సింగు సహచరులు, డల్హౌసీ స్క్వేరు, మెచువాబజారు కేసులవారు. వీరు పుస్తకానికి కొత్తవారు కారు. లాహోరులో లాలా లజపతిరాయ్ స్థాపించిన ద్వారకాదాసు గ్రంథాలయంలో భగత్‌సింగు, ఆయన మిత్రులు ఎట్లా చదివేవారో ఆ గ్రంథపాలకుడే తరువాత చెప్పారు. 1929లో లాహోరు జైలులో వీరు పూనిన నిరాహారదీక్ష కోర్కెలలో పుస్తకాలు, వార్తాపత్రికలు ఉన్నవి. ఆ దీక్షలోనే జతీంద్రనాథ దాసు 63వ రోజున, సెప్టెంబరు 13న, ప్రాణం విడిచారు. కాబట్టి అండమానులో జరిగినది ఆకస్మికం కాదు. పుస్తకం కోసం అన్నం మానడమన్నది ఆ బృందం అంతకుముందే ఒక సహచరుని పోగొట్టుకొని నేర్చిన పాఠం.

1933 మే 12న సెల్యులర్ జైలులో దీక్ష ఆరంభమైంది. తినదగిన ఆహారం, గదిలో దీపం, చదువుకోవడానికి పుస్తకాలు, పత్రికలు, ఒకరినొకరు కలుసుకొనే అవకాశం: కోర్కెల సారం ఇది. దీపం ఎందుకు కోరారో ఆలోచించండి. సూర్యాస్తమయం కాగానే తలుపులు మూసే జైలులో దీపం లేకపోతే పుస్తకం ఉండీ లేనట్లే. దీపం అడగడమంటే రాత్రిని చదువుకోవడానికి అడగడం. ప్రభుత్వం బలవంతంగా ఆహారం ఎక్కించనారంభించింది. ముక్కులోనుంచి దించిన గొట్టం దారితప్పి పాలు ఊపిరితిత్తులలోకి వెళ్ళగా లాహోరు కేసు ఖైదీ మహావీరసింగు మే 17న మరణించారు. వంగదేశానికి చెందిన మోహనకిశోర నమోదాసు మే 26న, మోహిత మైత్ర మే 28న అదే మార్గాన పోయారు. వారి శరీరాలను సముద్రంలో విడిచారు. దీక్ష 46 రోజులు సాగి జూన్ 26న ముగిసింది. ఆ తరువాతనే దీపాలు వచ్చినవి, పుస్తకాలు వచ్చినవి, పత్రికలు వచ్చినవి, కలిసి కూర్చునే వీలు కలిగింది.

ప్రభుత్వ దయను గురించి మాట్లాడిన పెద్దమనిషికి నేను చెప్పదలచినది ఈ తేదీలలోనే ఉన్నది. మే 17, 26, 28. గ్రంథాలయం ఇచ్చారని చెప్పేటప్పుడు "ఇచ్చారు" అన్న క్రియాపదానికి కర్త ఎవరో వ్యాకరణం తెలిసినవారు విచారింతురు గాక.

ఆ వాదమే ఇంకొక వేషంలో కూడా వస్తుంది. బాంబులనుంచి వీరి మనస్సు మళ్ళించడానికై తెలివిగల అధికారులు కావాలనే సామ్యవాద గ్రంథాలను లోపలికి రానిచ్చారని, కనుక ఆ చదువంతా ప్రభుత్వం పన్నిన తంత్రమేనని కొందరంటారు. అధికారి మనస్సులో అటువంటి లెక్క ఉంటే ఉండవచ్చును. ఏ అధికారి మనస్సునూ నేను తూకం వేయలేను. కాని పుస్తకం లోపలికి వచ్చిన తరువాత అది ఏం చేస్తుందన్నది ద్వారం తెరిచినవాని చేతిలో ఉండదు. అట్లా ఉంటే ఏ దేశంలోనూ నిషేధాజ్ఞలు అవసరమయ్యేవి కావు. మళ్ళిన మనస్సు ఎక్కడికి మళ్ళిందో 1937లో ఆ ప్రభుత్వమే చూసింది: అవే పుస్తకాలు చదివినవారు జూలై నెలలో మళ్ళీ దీక్ష పూనారు. ఈసారి తమ భోజనం కోసం కాదు, దీపం కోసం కాదు. దేశంలోని రాజకీయ ఖైదీలందరి విడుదల కోసం, తమను దేశానికి మరలించడం కోసం. ఆగస్టు 2న కలకత్తా టౌనుహాలులో రవీంద్రనాథ ఠాకూరు అధ్యక్షతన సభ జరిగింది. గాంధీజీ, కాంగ్రెసు నాయకులు కలుగజేసుకొని దీక్ష విరమింపజేశారు. 1938 జనవరి నాటికి రాజకీయ ఖైదీల తరలింపు పూర్తయింది. తంత్రం పన్నినవారికి దక్కిన ఫలం ఇదీ.

ఈ రెండు దీక్షల నడుమ గడిచిన నాలుగేళ్ళే ఆ సంఘపు పూర్ణకాలం. వైద్యులు, కలకత్తా నగరపాలక సభ్యులుగా ఉండిన నారాయణ రాయ్, నిరంజన సేను మొదలైనవారు పాఠాలు ఆరంభించారు. చరిత్ర, అర్థశాస్త్రం, తత్త్వశాస్త్రం, విజ్ఞానం. 1935లో వారిలో కొందరు కమ్యూనిస్టు కన్సాలిడేషను అనే పేరిట ఒక సంఘంగా ఏర్పడ్డారు. తరువాతి కాలంలో పశ్చిమ వంగ రాష్ట్రంలో భూమి రెవిన్యూ మంత్రి అయిన హరేకృష్ణ కోనారు అందులో ముఖ్యులు. ‘ది కాల్’ అనే చేతిరాత పత్రిక నడిపారు. అచ్చుయంత్రం లేనిచోట పత్రిక అంటే, ఒకడు రాసిన ప్రతిని పదిమంది చదివి, చివరివాని చేతికి వచ్చేసరికి అంచులు నలిగిపోయే వస్తువు. రాక్స్‌బరో సభ్యుడు తోటివారికి పంచిన మేలి ప్రతికి దీనికి ఎంత దూరమో, ఎంత దగ్గరతనమో చదువరులే చూడవచ్చును. రెండూ అమ్మకానికి కావు. రెండూ సభ్యులకు మాత్రమే.

అందరూ ఆ సంఘంలో చేరలేదు. పాత మార్గం విడువనివారు ఉన్నారు. చదివి కూడా ఒప్పుకోనివారు ఉన్నారు. మూడు వందలమందికి పైగా ఉన్నచోట అట్లా కాక మరెట్లా ఉంటుంది? ఒకే జైలు, కాలం తేడాతో, ఒకప్పుడు సావర్కరును, మరొకప్పుడు కోనారును చదివించింది. ఒకరు అక్కడినుంచి బయటపడి 1923లో హిందుత్వ సిద్ధాంత గ్రంథం ప్రకటించారు. మరొకరు ఎర్రజెండా పట్టారు. నేటి రాజకీయవాదులు తమ తమ పక్షానికి ఆ జైలును గుడిగా కట్టుకోజూస్తున్నారు గాని, పుస్తకాల బీరువా ఏ పక్షానికీ గుడి కాదని ఈ ఒక్క ఉదాహరణే తెలుపుతున్నది. బీరువా చేసేది చదివేవానికి తర్కానికి ముడిసరుకు అందించడం. అంతవరకే దాని పూచీ.

అనువాదకునిగా నాకు మరొక సంగతి తోస్తున్నది. ఆ పాఠాలు విన్నవారు ఒకే భాషవారు కారు. వంగీయులు హెచ్చు, వారితో హిందుస్తానీవారు, పంజాబీలు, బీహారీలు. మన కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి కూడా ఆ జైలుకే వెళ్ళారు. పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషువి. ఇంగ్లీషు పుస్తకాన్ని తెరిచి ఇంతమంది మధ్య వివరించి చెప్పే ప్రతివాడూ ఆ క్షణాన అనువాదకుడే. "సర్ప్లస్ వేల్యూ" అన్న మాటను వంగంలో ఏమనాలి, హిందుస్తానీలో ఏమనాలి అన్న చర్చ జరగకుండా ఆ పాఠం ఒక్క అడుగు కూడా ముందుకు సాగదు. మనం పారిభాషిక పదాలను పండిత సంఘాలు తయారు చేశాయని చెప్పుకొంటాము. వాటిలో కొన్నింటికి పురిటిగది జైలుగదేమో అన్న ఆలోచన నిఘంటుకర్తలకు రావలసి ఉన్నది.

త్యాగం పలుచనవుతుందన్న రెండవవారికి సమాధానం ఇంకా మిగిలి ఉన్నది. వారి భయం నేను అర్థం చేసుకోగలను. స్మారకంలో బాధ కనిపించవలె. బాధ కనిపించకపోతే కృతజ్ఞత పుట్టదని వారి తలంపు. ఆ జైలును 1979 ఫిబ్రవరి 11న జాతీయ స్మారకంగా అంకితం చేశారు. ఏడు భవనాలలో నేడు మూడు మాత్రం నిలిచి ఉన్నవి. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్టుబ్లెయిరుకు పోయివచ్చిన మన యాత్రికులను అడిగి చూడండి: గానుగ చెప్తారు, కొరడా చెప్తారు, ఉరికంబం చెప్తారు, రాత్రివేళ దీపాల వెలుగులో రావిచెట్టు నోట వినిపించే కథ చెప్తారు. గ్రంథాలయం మాట చెప్పినవారు నాకు ఎదురుకాలేదు. స్మారకంలో స్వాతంత్ర్యోద్యమ గ్రంథాలయం ఒకటి ఉన్న సంగతి నేనెరుగుదును. అది ఖైదీలను గురించిన గ్రంథాలయం. ఖైదీల గ్రంథాలయం కాదు. ఈ రెంటి తేడా చిన్నది కాదు. మొదటిది వారిని మనం చదివే వస్తువులుగా చేస్తుంది. రెండవది వారిని చదువరులుగా నిలబెడుతుంది.

బాధను మాత్రమే చూపే స్మారకం, తెలియకుండానే, బాధపెట్టినవాని దృష్టితోనే ఖైదీని చూపుతుంది. గానుగకు కట్టినవాడు అతడిని ఒక శరీరంగా చూశాడు. మనమూ అతడిని గానుగకు కట్టిన శరీరంగానే చూసి కన్నీరు పెట్టి వస్తున్నాము. పుస్తకం కోసం మరణించిన మహావీరసింగు కోరినది మన కన్నీరా? కోర్కెల పత్రంలో ఏమున్నదో చూడమనండి. త్యాగం పలుచనవుతుందంటారు గాని, దేనికోసం త్యాగమో చెప్పకుండా త్యాగాన్ని మాత్రమే పూజించడం దానిని మరింత పలుచన చేయడం కాదా?

ఆంధ్రులమైన మనకు ఈ విషయంలో ప్రత్యేకమైన బాధ్యత ఉన్నది. గ్రంథాలయోద్యమం మన గర్వకారణాలలో ఒకటి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గార్ల పేర్లు మన పిల్లలకు పాఠాలలో వస్తవి. రాజద్రోహ నేరంపై వెల్లూరు జైలులో శిక్ష అనుభవించి వచ్చిన హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయానికి అంకితం కావడంలో ఉన్న అంతరార్థం మన వక్తలు ఏటా నవంబరు వారోత్సవాలలో మరచిపోతారు. వారికి గ్రంథాలయమంటే శంకుస్థాపన ఫలకం, దాత ఛాయాపటం, పూలదండ. గ్రంథాలయమూ జైలూ పక్కపక్కనే పెరిగిన కాలమొకటి ఉండినదన్న స్మృతి మాసిపోయింది. అండమాను బీరువా ఆ స్మృతికి అన్నిటికన్న స్ఫుటమైన సాక్ష్యం.

ఈ చరిత్రను మరీ ఉజ్జ్వలంగా చిత్రించడం కూడా నా ఉద్దేశం కాదు. అది ఎంతైనా ఆంతరంగిక సంఘమే. అల్లూరి సీతారామరాజు అనుచరులు, మన్యం తిరుగుబాటులో పట్టుబడిన గిరిజనులు కొందరు అవే దీవులకు పంపబడ్డారు. వారిలో గాం మల్లుదొర తిరిగి వచ్చి 1952లో లోక్‌సభ సభ్యులైనారు. అక్షరం రాని ఆ మన్యపు మనుషులకు బీరువాలోని ఇంగ్లీషు గ్రంథాలతో ఏమి పని? విద్యావంతులైన ఖైదీల స్మృతులు అచ్చయినవి, వాటిని మనం చదువుతున్నాము, వాటినుంచే ఈ వ్యాసం వంటివి పుడుతున్నవి. మల్లుదొర తోటివారి స్మృతులు నోటినుంచి నోటికి కూడా సరిగా చేరలేదు. పుస్తకప్రియుల చరిత్ర అంటేనే పుస్తకం అందినవారి చరిత్ర. ఈ పరిమితి రాక్స్‌బరో సంఘానిది ఎంతో, అండమాను సంఘానిదీ అంతే. తేడా ఏమంటే, అండమానువారు ఆ గీతను చెరపడానికి కొంతైనా పాటుపడ్డారు, పలక పట్టించారు.

జైలు వెలుపలి దీవిలో కూడా ఆ పాటు మరొకరు పడ్డారు. పంజాబీ కవి, వైద్యులు దీవాన్‌సింగు, ‘కాలేపానీ’ అనే పేరుతోనే ప్రసిద్ధులు. 1938లో ‘వగదే పాణీ’ అనే కావ్యం ప్రకటించారు. పోర్టుబ్లెయిరులో గురుద్వారా కట్టించి పలుభాషల పిల్లలకు బడి నడిపారు. 1942లో జపాను సైన్యం దీవులను ఆక్రమించిన తరువాత ఆయనను గూఢచారి అన్న నెపంతో అదే సెల్యులర్ జైలులో బంధించి చిత్రహింసలు పెట్టారు. 1944 జనవరి 14న ఆయన మరణించారు. జైలు కట్టినవాడు మారినా ఆ జైలుకు పుస్తకం రాసేవాడంటే గిట్టదు.

ఇంతకూ నేను కోరేది ఏమిటి? ఆ జైలు చరిత్ర భాషలలో చెదిరి ఉన్నది. ఖైరాబాదీ అరబ్బీలో రాశారు. జాఫరు థానేసరీ ఉర్దూలో రాశారు. ఉపేంద్రనాథులు వంగంలో, సావర్కరు మరాఠీలో, శచీంద్రనాథ సన్యాలు వంగంలోనూ, ఆపైన హిందీద్వారా ఉత్తరదేశమంతటా. లాహోరు కేసువారైన విజయకుమార సిన్హా 1939లో ఇంగ్లీషులో. ఒక భాషవాడు చదివిన అండమాను మరొక భాషవాడు చదివిన అండమాను కాదు. మరాఠీవానికి అది ఒక వీరగాథ, వంగీయునికి పలువురి గాథ, హిందీ చదువరికి లాహోరు కేసు తరువాతి అధ్యాయం. ఆ జైలులో ఒకే బీరువా ముందు కలిసి కూర్చున్న భాషలు, జైలునుంచి బయటికి రాగానే మళ్ళీ ఎవరి గదిలోకి వారు వెళ్ళిపోయినవి. ఆ ఏడు భవనాల నిర్మాణం మన సాహిత్య చరిత్రలలో ఇంకా కూలలేదు.

కనుక మొదటి పని ఒక పట్టిక. ఈ స్మృతి గ్రంథాలన్నీ ముందు పెట్టుకొని, అందులో ఎక్కడెక్కడ ఒక పుస్తకం పేరు వచ్చిందో, అది ఏ భాషది, ఎవరు పంపారు, ఎవరు చదివారు, ఎవరికి చదివి వినిపించారు, అధికారి దానిని అనుమతించాడా లేదా అన్నవి వరుసగా రాసుకోవలె. ఒక్కరివల్ల కాదు, ఆరేడు భాషలవారు కలిసి చేయవలసిన పని. జాతీయ సంస్థలు శతజయంతులకు వెచ్చించే ద్రవ్యంలో కొద్ది భాగం చాలును. తరువాత ఆ స్మృతులలోని పఠన విషయక భాగాలను ఏరి ఒకే సంపుటంగా అన్ని భాషలలోకి అనువదింపజేయవలె. 2011 జనాభా లెక్కలలో అండమాను నికోబారు ప్రజలలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా చెప్పారు. ఉత్తరాంధ్ర తీరంనుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన ఆ కుటుంబాల పిల్లలు నిత్యం ఆ జైలు గోడ పక్కనుంచి బడికి పోతున్నారు. ఆ సంపుటం వారికి తెలుగులో అందవలె.

పని తెలుగునుంచే ఆరంభించడానికి మనకు సాధనాలు లేకపోలేదు. విజయకుమార సిన్హా జైలు జీవితానంతరం హైదరాబాదులో నివసించారు. ఆయన సహధర్మచారిణి శ్రీరాజ్యం సిన్హా తెలుగువారు. భర్త జీవితచరిత్రను ఇంగ్లీషులో రాసి ప్రకటించారు. ఆయన అండమాను గ్రంథం, ఈమె జీవితచరిత్ర, రెంటినీ పక్కపక్కన పెట్టి పుస్తకాల పేర్లు ఏరడానికి ఒక మనిషికి ఒక వేసవి చాలును. నేను మొదటి దాంతో మొదలు పెట్టినాను.